బెజవాడ ఎండల్లో ట్రిగ్గర్ ఫిష్: 6×2×2 ఉప్పునీళ్ళ ట్యాంకు ప్లాను, తప్పులుంటే చెప్పండి

పటమట_పిల్లకాలవ (#1)
నమస్తే అండీ. మంచినీళ్ళ ట్యాంకులు అలవాటే గానీ ఉప్పునీళ్ళకి రావడం ఇదే మొదలు. ప్లాను కింద పెడుతున్నా, మొహమాటం లేకుండా ఉతికెయ్యండి.

ట్యాంకు 6×2×2 అడుగులు, 12 ఎం.ఎం. గాజు, ఇనుప స్టాండు, దాని కిందే 3 అడుగుల సంప్ (ఫిల్టర్ సామాను పెట్టే కింది ట్యాంకు). రెండో అంతస్తు, హాల్లో గోడవార. చేపలు: ట్రిగ్గర్లలో పికాసో ఒకటి, నైజర్ ఒకటి, క్లౌన్ ట్రిగ్గర్ ఒకటి. తోడుగా నాలుగు డామ్సెల్స్, శుభ్రం చెయ్యడానికి క్లీనర్ రొయ్యలు రెండు, నత్తలు ఓ ఇరవై. నీళ్ళు సూర్యలంక నుంచి క్యాన్లలో తెప్పిద్దామని. ఎండాకాలానికి ఫ్యాను, దానికి తోడు ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన బాటిళ్ళు. చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే మెషిన్) రేటు చూస్తే గుండె గుభేలుమంటోంది. 300 వాట్ల హీటర్ ట్యాంకులో వెనక మూల పెడతా. రాయి 40 కిలోలు, ఇసుక మీద పేరుస్తా.

ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి?

ఉప్పుకల్లు_గుంటూరు (#2)
ముందు జీవాల సంగతి. మీ లిస్టులో రొయ్యలు, నత్తలు ట్రిగ్గర్‌కి తోడు కాదండీ, టిఫిను. సముద్రంలో అది బతికేదే పీతలు, గుల్లలు, సీ అర్చిన్లు పగలగొట్టుకుని. క్లీనర్ రొయ్య అయితే పొద్దున వదిలితే మధ్యాహ్నానికి మీసాలు కూడా మిగలవు. డామ్సెల్స్ చిన్నవి, చురుకైనవి కాబట్టి కొన్నాళ్ళు తప్పించుకుంటాయి. రాత్రి రాళ్ళ సందులో నిద్రపోతున్నప్పుడు దొరికిపోతాయి.

క్లౌన్ తీసెయ్యండి. షాపులో 5 సెం.మీ. పిల్లగా ఉన్నప్పుడు నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలతో ముద్దుగా ఉంటుంది. పెరిగితే 50 సెం.మీ. చిన్నప్పుడు పక్క చేపల జోలికి పోదు, ఒళ్ళు పెరిగే కొద్దీ ఒక్కో చేపా రెక్కలు చిరిగి మూలన చేరుతుంది. అన్‌డ్యులేటెడ్ అని నారింజ గీతల ట్రిగ్గర్ ఇంకోటి ఉంది, అది ఇంకా మొండి. ఈ రెండూ పెట్టాలనుకుంటే ఒక్క చేపకి ఒక ట్యాంకు అని రాసేసుకోవాలి.

పికాసో 25 సెం.మీ. దాకా వస్తుంది, 30 దాటదు. నైజర్ సముద్రంలో 50 దాకా పెరిగినా ట్యాంకుల్లో 30 దగ్గర ఆగుతుంది. దాని తిండి ఎక్కువగా నీళ్ళలో తేలే ప్లాంక్టన్, అందుకే పికాసో అంత గిల్లికజ్జా మనిషి కాదు. ఆరడుగుల ట్యాంకులో ఈ రెండూ నడుస్తాయి. నైజర్ ముందు వెళ్ళాలి, పికాసో ఆఖర్న. తోడుగా 12 సెం.మీ. దాటిన సర్జన్ చేప ఒకటి చాలు. లయన్‌ఫిష్ వద్దు, ఆ ఈకల్లాంటి రెక్కల్ని ట్రిగ్గర్ ఊరికే ఉండనివ్వదు.

బెంజిసర్కిల్_రీఫ్ (#3)
పై అన్న చెప్పింది కరెక్ట్. శాంతంగా ఉండేది కావాలంటే బ్లూజా ట్రిగ్గర్ చూడండి. మగదానికి గొంతు కింద నీలం, తోక అంచు పసుపు. అదీ ప్లాంక్టన్ తినేదే. కాకపోతే రేటు ఎక్కువ, మన వైపు అరుదుగా వస్తుంది.

పటమట_పిల్లకాలవ (#4)
క్లౌన్ కట్. డామ్సెల్స్, రొయ్యలు, నత్తలు కట్. మరి అడుగున చెత్త ఎవరు తింటారు?

ఉప్పుకల్లు_గుంటూరు (#5)
మీరే. ఫిల్టర్ సాక్ 200 మైక్రాన్లది సంప్‌లో పెట్టి రెండు మూడు రోజులకోసారి మార్చాలి. వారం ఆగితే అందులో ఇరుక్కున్న ముక్కలు అక్కడే కుళ్ళి నైట్రేట్ అయిపోతాయి. నాలుగు సాకులు కొనుక్కుంటే ఒకటి వాడుకలో, మూడు ఉతుకుడులో తిరుగుతుంటాయి. సబ్బు, డిటర్జెంట్ వద్దు, ఒట్టి నీళ్ళ ధార చాలు. ప్రోటీన్ స్కిమ్మర్ (గాలి బుడగల నురగతో మురికి లాగే పరికరం) మీ నీళ్ళకి రెండింతల రేటింగ్‌ది తీసుకోండి. ట్రిగ్గర్ తినేటప్పుడు నమిలి సగం మొప్పల్లోంచి పొడిగా వదులుతుంది, ఆ భారం స్కిమ్మర్ మీదే పడుతుంది.

లెక్కలమాస్టారు (#6)
ఐస్ బాటిల్ గురించి లెక్క చూద్దాం. మీ ట్యాంకులో రాయి, ఇసుక, పైన ఖాళీ పోను 550 లీటర్లు, సంప్‌లో 120. మొత్తం 670.

లీటరు బాటిల్ ఐసు, ఫ్రీజర్ చలి నుంచి 27 డిగ్రీలకి వచ్చేసరికి లాక్కునేది దాదాపు 114 కిలోక్యాలరీలు. 670తో భాగిస్తే 0.17 డిగ్రీ. అంటే ఒక డిగ్రీ దించాలంటే ఆరు బాటిళ్ళు. పైగా నీళ్ళలో మునిగి ఉన్న 100 వాట్ల పంపులు గంటకి 86 కిలోక్యాలరీలు కలుపుతూనే ఉంటాయి. మధ్యాహ్నం రెండింటికి బాటిల్ వేసి నాలుగింటికి చూస్తే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఇప్పుడు ఫ్యాను. ఒక లీటరు నీరు ఆవిరైతే తీసుకుపోయేది సుమారు 580 కిలోక్యాలరీలు, అంటే 0.87 డిగ్రీ. ఐదు ఐస్ బాటిళ్ళ పని ఒక్క లీటరు ఆవిరి చేస్తుంది. ఫ్యాన్లు సంప్ మీదా, ట్యాంకు పైనా నీటి మట్టానికి ఏటవాలుగా పెట్టండి. రెండు మూడు డిగ్రీలు దిగుతుంది.

అయితే ఒక మెలిక ఉంది. ఆవిరి గాలి పొడిని బట్టి ఉంటుంది. పడమటి వడగాలి వీచే రోజుల్లో ఫ్యాను అద్భుతంగా పనిచేస్తుంది. సాయంత్రం సముద్రం వైపు నుంచి తేమగాలి తిరిగాక అదే ఫ్యాను ఊరికే తిరుగుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ పదిహేను రోజులు గదే 38 దాటితే ఫ్యానుతో మీ నీళ్ళు 31, 32 దగ్గర ఆగుతాయి.

బెంజిసర్కిల్_రీఫ్ (#7)
31కి చేప వెంటనే చావదు, కానీ ఊపిరి అందదు. 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) ఉన్న నీళ్ళలో 25 డిగ్రీల దగ్గర లీటరుకి 6.7 మి.గ్రా. ఆక్సిజన్ పడుతుంది, 30 దగ్గర 6.2. అదే సమయంలో చేప శరీరం ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. ఉన్నది తగ్గి, కావాల్సింది పెరిగి, ఆ మధ్యలో కరెంటు పోయిందనుకోండి, అప్పుడు పోతాయి.

పరిష్కారం రెండే. ఒకటి చిల్లర్, ఈ సైజుకి 1/2 హెచ్‌పీ. 1/3 హెచ్‌పీ సరిపోతుందని కంపెనీ పట్టికలో రాసి ఉంటుంది, ఆ పట్టిక 42 డిగ్రీల ఊరిని దృష్టిలో పెట్టుకుని వేసింది కాదు. చిల్లర్‌ని స్టాండు లోపల తలుపు మూసి పెడితే అది వదిలిన వేడి గాలిని అదే మళ్ళీ పీల్చుకుని ట్రిప్ అవుతుంది. బాల్కనీలోకి పైపు వేసి బయట నీడలో పెట్టండి. రెండోది, హాల్లో ఏసీ ఎలాగూ నడుస్తుంటే 26, 27 మీద ఉంచడం. అప్పుడు చిల్లర్ లేకుండా కూడా గడుస్తుంది. కాకపోతే తలుపులు మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ 7.8కి జారుతుంది. స్కిమ్మర్ గాలి పైపుని కిటికీ బయటికి లాగితే మళ్ళీ 8.1 పైకి వస్తుంది.

హీటర్ మన ఊళ్ళో జనవరి రాత్రుళ్ళకి తప్ప అక్కర్లేదు.

తీగలపల్లకి (#8)
హీటర్ మాట వచ్చింది కాబట్టి అసలు భయం చెప్తా. ట్రిగ్గర్ నోటికి అందే చోట ఏ వైరూ ఉండకూడదు. అది ఆకలికి కొరకదు, కుతూహలానికి కొరుకుద్ది. హీటర్ గాజు గొట్టం, వేవ్‌మేకర్ (నీళ్ళు కదిలించే పంపు) వైరు, టెంపరేచర్ ప్రోబు, ఎయిర్ పైపు, ఏదైనా సరే. తెగిన 230 వోల్టుల వైరు ఉప్పునీళ్ళలో ఉన్నప్పుడు మీరు చెయ్యి పెడితే ఇంక చేప సంగతి ఆలోచించే పని ఉండదు.

హీటర్, ప్రోబులు సంప్‌లోకి. వేవ్‌మేకర్ 24 వోల్టుల డీసీ రకం తీసుకోండి, దాని వైరుని సగం ఇంచి పీవీసీ పైపులో దూర్చి పైనుంచి దించండి. మొత్తం ట్యాంకు లైనుకి 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చు) విడిగా పెట్టించండి. ఎంసీబీ వేరు, ఇది వేరు. మన ఎలక్ట్రీషియన్లు చాలామంది "ఎంసీబీ ఉందిగా సార్" అంటారు. ఎంసీబీ వైరు కాలకుండా చూస్తుంది, మనిషిని కాదు. ఎర్తింగ్ కూడా నిజంగా ఉందో లేదో చూపించుకోండి, పాత అపార్టుమెంట్లలో మూడో పిన్ను అలంకారానికే ఉంటది. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వంపు తిరిగి పైకి వెళ్ళాలి, అప్పుడు కారిన నీరు ఆ వంపు దగ్గరే చుక్కగా పడిపోద్ది.

సూర్యలంక37 (#9)
నీళ్ళ విషయం. మా వైపు సముద్రపు నీరు అందుబాటులో ఉందని చాలామంది క్యాన్లు పట్టుకొస్తారు. కృష్ణ హంసలదీవి దగ్గర కలిసేది ఈ తీరంలోనే కదా. జూలై నుంచి డిసెంబరు దాకా వరద నీరు కలిసి ఒడ్డున ఉప్పు బాగా పడిపోతుంది. ఆ నెలల్లో ఒడ్డు నీళ్ళని 35 పీపీటీ అని నమ్మి పోసుకోవద్దు. బురద, పొలాల మందులు అదనం. ఇక్కడి రొయ్యల హేచరీల వాళ్ళు కూడా నీళ్ళని ఇసుక ఫిల్టర్‌లోంచి తీసి, క్లోరిన్ కొట్టి, ఆ క్లోరిన్ పోగొట్టాకే వాడతారు. అంత సరంజామా ఇంట్లో కుదరదు.

సాల్ట్ మిక్స్ వాడండి. లీటరుకి 36 నుంచి 38 గ్రాములు. మీ 670 లీటర్లకి మొదటిసారి 25 కిలోల దాకా పడుతుంది, 20 కిలోల బకెట్ ఒకటి చాలదు. తర్వాత వారానికి 100 లీటర్ల మార్పిడికి 3.7 కిలోలు. విడి డ్రమ్ములో పంపు వేసి ఒక రాత్రి తిరగనిచ్చి, తెల్లారి కొలిచి పొయ్యండి. నీళ్ళలో ఉప్పు వెయ్యాలి, ఉప్పులో నీళ్ళు పొయ్యకూడదు. అలా పోస్తే అడుగున కాల్షియం తెల్లగా పేరుకుని గట్టిపడుతుంది.

పటమట_పిల్లకాలవ (#10)
మంచినీళ్ళకి మా ఇంటి ఆర్వో మెషిన్ సరిపోతుందా? కొలిస్తే టీడీఎస్ 90 చూపిస్తోంది.

సూర్యలంక37 (#11)
90 ఎందుకు వస్తోందో చూడండి. తాగే ఆర్వోలో రుచి కోసం కొంచెం ముడి నీటిని కలిపే చిన్న వాల్వు ఉంటుంది, టీడీఎస్ అడ్జస్టర్ అంటారు. దాన్ని పూర్తిగా మూస్తే 90 కాస్తా 20, 30కి పడొచ్చు. ఆ తర్వాత మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటే దాటవేసి పైపు లాగాలి. ఇప్పుడు కాపర్ కార్ట్రిడ్జ్ అని ఒకటి పెడుతున్నారు, ఆరోగ్యం పేరుతో. అది ఉన్న మెషిన్ నీళ్ళు అసలు వద్దు. ట్రిగ్గర్ ఆ కొద్దిపాటి రాగిని తట్టుకుంటుంది గానీ అది రాయిలోకి చేరి, రేపు మీరు పగడం పెంచుదామంటే బయటికి వస్తుంది.

మిగిలిన 20ని సున్నా చెయ్యాలంటే చివర ఒక డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని పట్టేసే గుళికల) గొట్టం. బోరు నీళ్ళయితే రెజిన్ తొందరగా అయిపోతుంది, కృష్ణ నీళ్ళ కుళాయి ఉంటే దానికే కలపండి. ఆర్వోకి ముందు క్లోరిన్ కోసం కార్బన్ ఫిల్టర్ తప్పనిసరి, క్లోరిన్ ఆర్వో పొరని తినేస్తుంది. 20 లీటర్ల వాటర్ క్యాన్ల జోలికి పోకండి. ఏ క్యాన్‌లో ఏం కలిపారో ఆ క్యాన్‌కే తెలియాలి.

రోజూ ఆవిరైన దానికి పోసేది ఈ ఒట్టి ఆర్వో నీళ్ళే, ఉప్పునీళ్ళు కాదు. ఉప్పు ఆవిరి కాదు కదా. ఫ్యాన్లు పెడితే మీ సైజుకి రోజుకి ఐదు నుంచి ఎనిమిది లీటర్లు దిగుతుంది. ఫ్లోట్ వాల్వో ఆటో టాప్ఆఫో పెట్టుకుంటే మంచిది, లేకపోతే ఊరెళ్ళి వచ్చేసరికి ఉప్పు 40 మీద ఉంటుంది.

రేపల్లె_ఆక్వా (#12)
నీళ్ళలో ఉప్పు కొలవడానికి మన వైపు ఒక సుఖం ఉంది, చెరువుల వాళ్ళ ఆక్వా షాపుల్లో రిఫ్రాక్టోమీటర్ ఎక్కడైనా దొరుకుద్ది. దానితో ఒక చిక్కు. చాలావరకు ఒట్టి ఉప్పు ద్రావణానికి గీసిన స్కేలు. సముద్రపు నీళ్ళు 35 అయితే అది 36.5 చూపిద్ది. మంచినీళ్ళతో సున్నా సెట్ చేసినా పై గీత దగ్గర తేడా ఉంటది.

ఇంట్లో సరిచూసుకునే పద్ధతి: అయోడిన్ లేని ఉప్పు 36.5 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 963.5 గ్రాములు, రెండూ త్రాసులో తూచి కలపాలి. ఆ ద్రావణం కాంతిని వంచే తీరు 35 పీపీటీ సముద్రపు నీళ్ళలాగే ఉంటది. దాని రెండు చుక్కలు వేసి, అర నిమిషం ఆగి, గీత 35 మీదకి వచ్చేట్టు స్క్రూ తిప్పండి. అంతే. కానీ ఈ ద్రావణం రిఫ్రాక్టోమీటర్‌కే, కండక్టివిటీ మీటర్‌కి పనికిరాదు.

అమ్మోనియా కిట్ కొనేటప్పుడు డబ్బా మీద ఉప్పునీళ్ళకి అని ఉందో లేదో చూడండి. నెస్లర్ రకం మామూలు కిట్ ఉప్పునీళ్ళలో మజ్జిగలా మబ్బేసి, రంగు తెలియదు.

పటమట_పిల్లకాలవ (#13)
చిన్న సందేహం. రాయి కోసం మాచర్ల, పిడుగురాళ్ళ వైపు సున్నపురాయి వాడొచ్చా? ఒకాయన రామేశ్వరం వైపు నుంచి లైవ్ రాక్ (సముద్రంలోంచి జీవాలతో సహా తీసిన రాయి) తెప్పిస్తానంటున్నాడు కూడా.

బెంజిసర్కిల్_రీఫ్ (#14)
రెండోది వెంటనే వద్దనండి. రీఫ్ కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పగడం అంటుకున్న రాయి ఇంట్లో దొరికితే అది పులి చర్మం వరసలో కేసు. బతికిందా చచ్చిందా అన్న తేడా ఉండదు.

పల్నాడు సున్నపురాయి విషం కాదు, పీహెచ్ 8 పైన ఉన్న నీళ్ళలో కరగదు కూడా. కానీ అది గట్టి నాపరాయి, లోపల రంధ్రాలు ఉండవు. మనకి కావాల్సింది బాక్టీరియా కాపురం ఉండే గుల్ల రాయి. ఎర్ర, పసుపు లోహపు చారలు లేనివి ఏరి అడుగు పునాదికి రెండు పలకలు వాడుకోండి, పైన డ్రై రాకో సిరామిక్ రాయో పెట్టండి.

పేర్చడం ముఖ్యం. రాయి ఇసుక మీద కాదు, అడుగు గాజు మీద ఆనాలి. కింద పలచటి ప్లాస్టిక్ జాలీ పరిచి, దాని మీద రాళ్ళు, ఆ తర్వాత చుట్టూ ఇసుక. ట్రిగ్గర్ నోటితో నీటిధార ఊది ఇసుకని గుంట చేస్తుంది, రాయి కింద ఇసుక జారితే దొంతర మొత్తం గాజు మీద పడుతుంది. పిడికెడు రాళ్ళని అది నోట కరిచి ఈ మూల నుంచి ఆ మూలకి మోస్తుంది. కాబట్టి పెద్ద రాళ్ళకి 8 ఎం.ఎం. రంధ్రం వేసి ఫైబర్ కడ్డీ దూర్చి, కీలులో ఎపాక్సీ పుట్టీ పెట్టండి. ఇనుప కడ్డీ వద్దు.

ప్రతి చేపకీ ఒక గుహ ఉండాలి, రెండు దారులది. రాత్రి అది దాన్లో దూరి వీపు మీద మొదటి ముల్లు నిలబెట్టి పైకప్పుకి బిగించుకుంటుంది. వెనక ఉన్న చిన్న రెండో ముల్లు దానికి గొళ్ళెం. మొదటి ముల్లుని మీరెంత వంచినా వంగదు, రెండోదాన్ని వేలితో నొక్కితే టక్కున పడిపోతుంది. తుపాకీ మీటలా ఉంటుందనే ట్రిగ్గర్ అన్న పేరు. ఎప్పుడన్నా చేపతో సహా రాయి తియ్యాల్సి వస్తే గుంజకండి, పెన్సిలు వెనక వైపుతో ఆ రెండో ముల్లు నొక్కండి.

వలతో పట్టకూడదు. ముల్లు వలలో చిక్కి, విడిపించేలోపు మొప్పలు చీరుకుపోతాయి. ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలోకి తోలి నీళ్ళతోనే ఎత్తాలి.

తీగలపల్లకి (#15)
బరువు ఎవరూ అడగలేదు. నీళ్ళు, సంప్, గాజు, రాయి, ఇసుక, స్టాండు కలిపితే టన్ను. ఇళ్ళ గదులకి మన ఐఎస్ 875లో లెక్కేసే భారం చదరపు మీటరుకి 200 కిలోలు. మీ టన్ను కూర్చునేది 1.1 చదరపు మీటరు మీద. బీము ఎక్కడ పోతుందో చూసి, దానికి అడ్డంగా, కాలమ్ దగ్గరగా గోడకి ఆనించి పెట్టాలి. కట్టిన ఇంజినీరుకో స్ట్రక్చరల్ తెలిసిన వాళ్ళకో డ్రాయింగు చూపించకుండా మాత్రం నింపకండి. ట్యాంకు కింద 20 ఎం.ఎం. థర్మోకోల్ షీటు. స్టాండుకి పౌడర్ కోటింగ్, వెల్డింగు కీళ్ళ దగ్గర ఎపాక్సీ పెయింటు రెండు పూతలు. ఉప్పు ముందు పట్టుకునేది ఆ కీళ్ళనే.

లెక్కలమాస్టారు (#16)
దానికి నాది ఒక తోక. కరెంటు పోతే రిటర్న్ పైపు (సంప్ నుంచి ట్యాంకుకి నీళ్ళు ఎక్కించేది) లోంచి నీళ్ళు వెనక్కి సైఫన్ అవుతాయి. మీ ట్యాంకులో ఒక సెంటీమీటరు మట్టం అంటే 11 లీటర్లు. రిటర్న్ మూతి నీళ్ళలో 10 సెం.మీ. లోతున ఉంటే 110 లీటర్లు కిందికి వస్తాయి. 3×1.5×1.5 అడుగుల సంప్ నిండా 190 లీటర్లు, నడుస్తున్నప్పుడు 120 ఉంటే ఖాళీ 70. మిగతా 40 లీటర్లు కింద అంతస్తు వాళ్ళ సీలింగుకి. మూతిని 2 సెం.మీ. లోతులోనే ఉంచండి. పైపుకి చిన్న రంధ్రం కూడా వేస్తారు గానీ అది నాచుతో పూడుతుంది, దాన్ని మాత్రమే నమ్మకండి. నీళ్ళు నింపిన రోజే మెయిన్ ఆపి చూడండి.

బ్యాటరీ: 150 ఏహెచ్ ఇన్వర్టర్ మీద డీసీ రిటర్న్ పంపు, ఒక వేవ్‌మేకర్ కలిపి 100 వాట్లు పెడితే ఎనిమిది గంటలు తేలిగ్గా వస్తుంది. చిల్లర్‌ని దాని మీద వెయ్యొద్దు, స్టార్టింగ్ లోడు తట్టుకోదు.

రేపల్లె_ఆక్వా (#17)
తిండి నేను చెప్తా. ట్రిగ్గర్ పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. మెత్తటి తిండే పెడితే అరగక నోరు మూతపడనంత పొడుగవుతాయి. అందుకని పెంకుతో ఉన్న రొయ్యే అసలు మందు. మనకి వనామీకి కొదవేముంది. 100 కౌంట్ తీసుకోండి, అంటే ఒక్కోటి 10 గ్రాములు. తల తీసెయ్యండి, తలలో ఉన్న లివరు నీళ్ళని పాడు చేస్తది. పెంకు, తోక ఉంచి మూడు ముక్కలు. 12 సెం.మీ. పికాసోకి పూటకి ఒక ముక్క, రోజుకి రెండు పూటలు. తినగా మిగిలింది పది నిమిషాల్లో తీసెయ్యాలి.

కొట్లో "ఒలిచి పసుపు రాసివ్వమంటారా" అని అడిగితే వద్దనండి. ఉప్పు, పసుపు, నిమ్మకాయ ఏదీ తగలకూడదు. ఐసులో ఎక్కువసేపు ఉన్న సరుక్కి నల్ల మచ్చ రాకుండా మెటా కొడతారు, అది నీళ్ళలో ఆక్సిజన్ లాగేసే రసాయనం. వీలైతే చెరువు పట్టుబడి రోజునే తెచ్చుకుని, మూడు నీళ్ళు మార్చి కడిగి, వారానికి సరిపడా పొట్లాలు కట్టి ఫ్రీజర్లో పెట్టండి. వారమన్నా గడ్డకట్టాకే వాడండి.

రొయ్య ఒక్కటే పెట్టొద్దు. వారంలో రెండు రోజులు పీత కాళ్ళు, ఆల్చిప్ప మాంసం పెంకుతో సహా, స్క్విడ్ ముక్క. నైజర్‌కి ఎండు నోరి (సముద్రపు నాచు) ఆకు కూడా క్లిప్పుకి తగిలించండి, లాక్కుని తింటది. రోహు, బొచ్చె ముక్కలు రోజువారీ తిండి కాదు, మంచినీళ్ళ చేపలో ఉండే కొవ్వు వేరు. వారానికి రెండుసార్లు ముక్కల మీద విటమిన్ చుక్కలు వేసి పావుగంట నానబెట్టండి. చెయ్యి నీళ్ళలో పెట్టి తినిపించే సరదా మాత్రం వద్దు. పీత డొప్ప పగలగొట్టే నోటికి మీ వేలు లెక్క కాదు.

ఉప్పుకల్లు_గుంటూరు (#18)
క్వారంటైన్ (కొత్త చేపని ముందు విడిగా ఉంచి మందు వెయ్యడం) గురించి ఇంకా ఎవరూ రాయలేదు. దీన్ని దాటవేస్తే పైన చెప్పినవన్నీ దండగ.

100 లీటర్ల ఒట్టి గాజు ట్యాంకు, ఇసుక లేదు, రాయి లేదు. రాయి, ఇసుక రెండూ రాగిని పీల్చేస్తాయి, డోసు నిలవదు. దాక్కోవడానికి 4 ఇంచుల పీవీసీ పైపు ముక్కలు. స్పాంజి ఫిల్టర్‌ని నెల ముందు నుంచి సంప్‌లో ఉంచి అందులో బాక్టీరియా ఎక్కనివ్వాలి.

చేప మీకు చెన్నై కొళత్తూరు వైపు నుంచే రావచ్చు. రాత్రి బండిలో వేయించండి. సంచి మూడు పొరలు ఉండాలి, వీపు ముల్లు ఒక పొరని పొడిచేస్తుంది. షాపుల్లో ఉప్పు 1.020 (ఇది పీపీటీ కాదు, నీటి సాంద్రత లెక్క) దగ్గర ఉంచుతారు, కాబట్టి ముందే అడిగి క్వారంటైన్ నీళ్ళని అదే అంకెలో పెట్టండి. సంచి విప్పాక గంటలకొద్దీ చుక్కలు వెయ్యడం ఇక్కడ పనికిరాదు. మూత తియ్యగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ లేస్తుంది, అప్పటిదాకా నిద్రపోయిన అమ్మోనియా విషం అవుతుంది. ఉష్ణోగ్రత కలిసేదాకా సంచి తేలనిచ్చి, విప్పి, చేపని మాత్రం వదలండి. తర్వాత రోజుకి 0.002 చొప్పున 1.025కి ఎక్కించండి.

తినడం మొదలెట్టాక తెల్లచుక్కల జబ్బుకి కీలేటెడ్ కాపర్ (ఒక రకం రాగి మందు). మూడు నాలుగు రోజుల్లో 2.25 నుంచి 2.5 పీపీఎం (లీటరుకి మి.గ్రా.) కి తెచ్చి, 30 రోజులు అదే గీత మీద. అయానిక్ రకం అయితే 0.5, సీసా మీద ఏ రకమో చదవండి, రెండింటినీ కలగాపులగం చేస్తే చేప పోతుంది. తెల్లచుక్కల పురుగు చేప మీద ఉన్నప్పుడు రాగి దాన్ని తాకదు, ఈదుతూ ఇంకో చేపని వెతుక్కునే దశలోనే చంపుతుంది. అందుకే ఒక్క రోజు డోసు పడిపోయినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి. నీళ్ళు మార్చినప్పుడు కొత్త నీళ్ళలో ముందే రాగి కలపండి. కాపర్ ఉన్నప్పుడు అమ్మోనియా తగ్గించే మందులు వద్దు, రాగి ఇంకా విషమవుతుంది. అమ్మోనియా పెరిగితే నీళ్ళు మార్చడమే.

ఫ్లూక్స్ (చర్మం, మొప్పలు పట్టే పురుగులు) కి ప్రాజిక్వాంటెల్ మందు లీటరుకి 2.5 మి.గ్రా., వారం ఆగి మళ్ళీ ఒకసారి. రాగి పూర్తయ్యాకే.

పటమట_పిల్లకాలవ (#19)
ఇంత ఉందా... సరే. మెయిన్ ట్యాంకులో చేప రాకముందే అమ్మోనియా తినే బాక్టీరియా పెంచాలి కదా, ఆ సైక్లింగ్‌కి అమ్మోనియం క్లోరైడ్ ఎంత వెయ్యాలి?

లెక్కలమాస్టారు (#20)
2 పీపీఎం అమ్మోనియాకి 670 × 2 = 1340 మి.గ్రా. అమ్మోనియం క్లోరైడ్‌గా 3.14తో గుణిస్తే 4.2 గ్రాములు. ల్యాబ్ గ్రేడ్ తీసుకోండి. 2 పీపీఎం వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితే సిద్ధం. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఉప్పుకల్లు_గుంటూరు (#21)
ఇంకో మాట. చేప వచ్చిన మొదటి వారం అది పక్కకి వాలి పడుకుంటుంది, ఒక్కోసారి తలకిందులుగా పైపులో ఇరుక్కుని ఉంటుంది. చచ్చిందని తీసెయ్యకండి. మొప్ప ఆడుతోందా, కన్ను మీ కదలికకి తిరుగుతోందా చూడండి. ట్రిగ్గర్ రెండు కళ్ళూ విడివిడిగా తిప్పుతుంది. నైజర్ అయితే మూడు నాలుగు రోజులు బయటికే రాదు, ఐదో రోజు రొయ్య ముక్క పడగానే వస్తుంది. వారం దాటినా తినకపోతే, లేదా ఊపిరి నిమిషానికి వందసార్లు దాటితే అప్పుడు కంగారు పడండి.

పటమట_పిల్లకాలవ (#22)
అందరికీ దండం. ప్లాను మార్చా: నైజర్, ఆ తర్వాత పికాసో, ఒక సర్జన్. సాల్ట్ మిక్స్, ఆర్వోకి డీఐ. 1/2 హెచ్‌పీ చిల్లర్ బాల్కనీలో. హీటర్ సంప్‌లో. ఇంజినీరుని ఆదివారం పిలుస్తున్నా. మూతకి ఏం పెట్టాలో చెప్పలేదు ఎవరూ. గాజు పలకలు కోయించనా?

బెంజిసర్కిల్_రీఫ్ (#23)
గాజు మూత వేస్తే ఆవిరి ఆగి వేడి లోపలే ఉంటుంది. కిటికీలకి దోమతెర ఫ్రేములు చేసే వాళ్ళకి కొలతిచ్చి, తెర బదులు 6 ఎం.ఎం. ప్లాస్టిక్ జాలీ వేయించండి. మూడు ముక్కలుగా, ఒక్కోటి రెండడుగులది, అప్పుడు తిండి వెయ్యడానికి ఒకటి ఎత్తితే చాలు. ఫ్రేము అల్యూమినియం అయితే నీళ్ళని తాకకుండా గాజు అంచు మీదే కూర్చోవాలి.

రేపల్లె_ఆక్వా (#24)
సైక్లింగ్ ఏప్రిల్ ఆఖర్లో మొదలెట్టండి తమ్ముడూ. చిల్లర్ నిజంగా 26 పట్టుకుంటోందో లేదో చేప లేకుండానే రోహిణి కార్తెలో తేలిపోద్ది. చేపని మృగశిర దాటాక తెప్పించు. ఆ రోజు ఊరంతా చేప తింటారు, నువ్వు మాత్రం తెచ్చి పెంచుకో.

తీగలపల్లకి (#25)
ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటది. చేప రాక ముందే నొక్కి చూడండి, పడాలి. నెలకోసారి మళ్ళీ నొక్కండి. పడకపోతే మార్చేదాకా ట్యాంకులో చెయ్యి పెట్టొద్దు.